నాలుగు చీటీలు, ఒక్క కంచం

(నల్లకుంటలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం పొద్దున పెద్దవాళ్ల సమావేశంలో ఒక డైటీషియన్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ అన్నలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అసలు నిలబడొద్దు.

మొదలుపెట్టేముందు ఒక మాట అడుగుతాను, చేతులెత్తండి. మీలో ఎంతమందికి ఇద్దరు, ముగ్గురు డాక్టర్లున్నారు? షుగర్‌కి ఒకరు, గుండెకి ఒకరు, కిడ్నీకి ఒకరు... చూశారా, సగం హాలు చేతులెత్తింది. దించకండి, అలాగే ఉంచండి. ఏం తినాలి, ఏం తినొద్దు అని ఆ డాక్టర్లందరూ చెప్పిన మాటలు ఒకదానితో ఒకటి కలిశాయి అనుకునేవాళ్లు మాత్రం ఉంచి, మిగిలినవాళ్లు దించేయండి. ఒక్కటీ లేదు. ఒక్క చెయ్యి కూడా లేదు.

అందుకే వచ్చాను ఇవాళ.

నేను ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రుల్లో పథ్యాలు చెప్పే పనిలో ఉన్నాను. కానీ ఈ సంగతి నాకు నిజంగా తెలిసొచ్చింది ఆసుపత్రిలో కాదు, మా అమ్మ వంటింట్లో. మా నాన్నగారికి షుగర్ ఇరవై ఏళ్లు. దాని వెనకాలే బీపీ. తర్వాత గుండెకి స్టెంట్ వేశారు. ఆ తర్వాత క్రియాటినిన్, అదే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె, పెరగడం మొదలైంది. మధ్యలో కాలి బొటనవేలు వాచి, యూరిక్ యాసిడ్ అన్నారు. ఒక్కో జబ్బుకి ఒక్కో చీటీ, బీపీకి, గుండెకి కలిపి ఒకటి. ఆ చీటీలన్నీ మా అమ్మ ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతాలతో అంటించింది. మొత్తం నాలుగు చీటీలు.

షుగర్ చీటీలో ఏముంది? అన్నం తగ్గించండి, పప్పులు, మొలకలు, ఆకుకూరలు బాగా తినండి, జొన్న రొట్టె, రాగి సంగటి మంచిది అని. గుండె చీటీలో? ఉప్పు, నూనె తగ్గించండి, పండ్లు, ఆకుకూరలు, గుప్పెడు బాదంపప్పు, అక్రోట్లు తినండి అని. మరి కిడ్నీ చీటీలో? పప్పు తగ్గించండి, పండ్లు వద్దు, ఆకుకూరలు వద్దు, టమాటా వద్దు, కొబ్బరి నీళ్లు వద్దు, బాదంపప్పు వద్దు, అన్నం తినొచ్చు అని. నాలుగోది యూరిక్ యాసిడ్ చీటీ. మాంసం, చేపలు, పప్పు ధాన్యాలు బంద్ అని. ఆ నాలుగో చీటీ రాసింది నేనే. వేరే ఎవరో కాదు.

మా అమ్మ ఏం చేసిందో తెలుసా? ఎర్ర పెన్ను తీసుకుంది. ఏ చీటీలో 'వద్దు' అని ఉన్నా, ఆ పదార్థాన్ని నాలుగు చీటీల్లోనూ కొట్టేసింది. పాపం, ఆమె తప్పేముంది? నలుగురిలో ఒక్కరు వద్దన్నా భయమే కదా. చివరికి కొట్టేయకుండా మిగిలినవేంటి? గరిటెడు అన్నం, సొరకాయ, బీరకాయ, పల్చటి మజ్జిగ. అంతే. ఏడు నెలలు మా నాన్నగారు అవే తిన్నారు. 74 కిలోల మనిషి 63కి వచ్చారు. నేను ఆదివారం ఆదివారం వెళ్లి చూస్తూనే ఉన్నాను, నా కంటికి ఆనలేదు. ఒకరోజు చెయ్యి పైకెత్తి ఫ్యాన్ చూపిస్తూ ఏదో చెప్తున్నారు, చేతి గడియారం జర్రున మోచేయి దాకా జారిపోయింది. ఇరవై ఏళ్లుగా అదే గడియారం, అదే గొలుసు. అప్పుడు చూశాను ఆ చెయ్యిని. కండ లేదు. ఎముక మీద చర్మం.

నాలుగు జబ్బులూ ఆయన్ని అలా చేయలేదు. నాలుగు చీటీలు చేశాయి. ఈ మాట మళ్లీ చెప్తున్నాను. జబ్బులు కాదు, చీటీలు.

మనలో ఒక సామెత ఉంది కదా, లంఖణం పరమౌషధం అని. రెండు రోజుల జ్వరానికి, అజీర్తికి ఆ మాట సరిపోతుందేమో. కానీ ఇరవై ఏళ్లు మనతో కాపురం చేసే జబ్బుకి లంఖణం ఔషధం ఎలా అవుతుంది? డెబ్భై దాటిన మనిషికి ఒకసారి పోయిన కండ మళ్లీ రావడం ఎంత కష్టమో మీకు తెలుసా? మంచం మీంచి లేవలేకపోవడం, బాత్రూంలో పడిపోవడం, తుంటి ఎముక విరగడం... వీటన్నిటికీ మొదలు అక్కడే.

మరి ఆ చీటీలు తప్పా? కాదు. అక్కడే ఉంది చిక్కంతా. ఏ చీటీకి ఆ చీటీ ఒప్పే. ఆకుకూరలు, పండ్లు బీపీకి ఎందుకు మంచివి? వాటిలో పొటాషియం ఉంటుంది, ఒంట్లో ఉప్పు చేసే చెడుకి అది విరుగుడులా పనిచేస్తుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి అవే ఎందుకు వద్దంటాం? అదే పొటాషియం బయటికి పోదు, రక్తంలో పేరుకుంటుంది, గుండె కొట్టుకునే లయని చెడగొడుతుంది. అంటే ఒకే పదార్థంలో ఉన్న ఒకే గుణం ఒకరికి మందు, ఇంకొకరికి ప్రమాదం. ఇద్దరూ ఒకే మనిషిలో ఉంటే? అప్పుడెలా?

అప్పుడు జబ్బు పేరు చూసి తిండి మానొద్దు. రిపోర్టులో అంకె చూసి మానాలి. నేనివాళ ఇక్కడికొచ్చింది ఈ ఒక్క ముక్క చెప్పడానికే. 'కిడ్నీ ఉంది కాబట్టి ఆకుకూర బంద్' కాదు. రక్తంలో పొటాషియం ఎంతుంది? 3.5 నుంచి 5 దాకా మామూలు, కొన్ని ల్యాబుల వాళ్లు 5.5 దాకా వేస్తారు. మీది 4.2 ఉంటే, నిలకడగా ఉంటే, గుప్పెడు తోటకూర ఎందుకు మానాలి? 5.8 ఉంటే మానాలి, తగ్గేదాకా మానాలి. తగ్గాక మళ్లీ కొంచెం కొంచెంగా తెచ్చుకోవాలి. కిడ్నీ చీటీ మీద తారీఖు ఉంటుంది చూడండి, ఎవరూ చూడరు. మూడేళ్ల కిందటి చీటీ పట్టుకుని ఇంకా టమాటా ముట్టనివాళ్లని నేను రోజూ చూస్తాను. పథ్యం అనేది మందు లాంటిదే. మందు డోసు మారుస్తారు కదా, పథ్యం డోసు మార్చరా?

నా దగ్గరికొచ్చిన ఒకావిడ సంగతి చెప్తాను. మే నెల, ఎండలు 42 దాటి ఉన్నాయి. ఆవిడకి గుండె బలహీనం, షుగర్ ఉంది, కిడ్నీలు సగం పనిచేస్తున్నాయి. బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటున్నారు, గుండెకి స్పైరనోలాక్టోన్ ఇచ్చారు. రెండూ మంచి మందులే, కానీ రెండూ పొటాషియాన్ని ఒంట్లో నిలిపే మందులు. కొడుకు ప్రేమకొద్దీ ఉప్పు మార్చాడు, లో సోడియం ఉప్పు తెచ్చాడు. అది బీపీకి మంచిదని ప్యాకెట్ మీద ఉంది. నిజమే, కానీ దాంట్లో సోడియం తగ్గించి వేసేది ఏంటి? పొటాషియం క్లోరైడ్. ఇక చూడ్డానికొచ్చిన చుట్టాలు తలా రెండు కొబ్బరి బోండాలు పట్టుకొచ్చారు. మన దగ్గర ఎవర్నైనా చూడ్డానికి పోతే బోండాం లేకుండా పోతామా? ఒక్కో బోండాంలో ఇంచుమించు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉండొచ్చు. ఎండాకాలం కదా అని ఆవిడ రోజుకి రెండు తాగారు. నాలుగో రోజు కాళ్లలో బలం లేదు, లేవలేకపోయారు. అత్యవసర విభాగానికి తీసుకుపోతే పొటాషియం 6.8. దేవుడి దయ, బతికారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఎవరిది తప్పు? డాక్టర్లదా? కొడుకుదా? చుట్టాలదా? రెండు మందులూ మంచివే, ఉప్పు మంచిదే, బోండాం మంచిదే. నాలుగూ ఒకే మనిషి ఒంట్లో కలుస్తున్నాయని చూసినవాళ్లు లేరు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పొటాషియం కలిపిన ఉప్పు గురించి సలహా ఇచ్చింది. మామూలు పెద్దవాళ్లు వాడుకోవచ్చు అంటూనే, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి ఈ సలహా వర్తించదని విడిగా చెప్పింది. మీ ఇంట్లో ఉప్పు ప్యాకెట్ తిప్పి చదవండి ఇవాళ. దయచేసి చదవండి. ఇంటికెళ్లగానే.

మన హైదరాబాద్‌లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మీకందరికీ తెలుసు, దాని ముందు నుంచి బస్సులో ఎన్నిసార్లు పోయుంటారో. వాళ్లు 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు కొత్తగా వేశారు, 17 సూత్రాలు. చాలా మంచి పని. కానీ అవి ప్రధానంగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆరోగ్యంగానే ఉండడానికి. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను, అది దాటొద్దన్న మాట మనకీ పనికొస్తుంది. మిగతాది మీ రిపోర్టులు ముందు పెట్టుకుని చూసుకోవాలి.

సరే, నాలుగు చీటీలు పోట్లాడుకుంటున్నాయి. దేని మాట ముందు వినాలి? నేను ఒక వరస పెట్టుకున్నాను. ఇవాళే, ఈ రాత్రే ప్రాణం తీయగలిగేది మొదటిది. షుగర్ బాగా పడిపోవడం, పొటాషియం పెరగడం, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. ఇవి ముందు. రెండోది, తగ్గాలనుకోకుండానే బరువు తగ్గిపోవడం. దీన్ని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు, అందుకే నేను రెండో స్థానంలో పెట్టాను. ఆ తర్వాత నెలల్లో దెబ్బతీసేవి, మూడు నెలల షుగర్, అదే రిపోర్టులో హెచ్‌బీఏ1సీ అని ఉండేది, బీపీ. ఆఖర్న ఏళ్లు పట్టేవి, కొలెస్ట్రాల్ లాంటివి. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గిపోతుంటే, గుడ్డులో పచ్చసొన గురించి గొడవపడతామా? మూడు నెలల షుగర్ 7 లోపే ఉండాలని వాళ్ల విషయంలో చాలామంది డాక్టర్లు కూడా పట్టుపట్టరు. రకరకాల జబ్బులున్న పెద్దవాళ్లకి 8 దాకా ఒప్పుకుంటారు. అడగండి మీ డాక్టర్‌ని. 'మా అమ్మకి ఎంత ఉంటే చాలు?' అని అడగండి. అడిగితే తప్పు కాదు.

ఈ షుగర్ పడిపోవడం గురించి కాస్త ఆగి చెప్పాలి. కిడ్నీలు చేసే పనుల్లో ఇన్సులిన్‌ని ఒంట్లోంచి తీసేయడం ఒకటి. కిడ్నీలు నీరసించాయనుకోండి, వేసుకున్న ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోతుంది. కొన్ని బిళ్లలూ అంతే. అప్పుడేమవుతుంది? ఇన్నాళ్లూ 200 చూపించిన మీటరు 110 చూపిస్తుంది, 90 చూపిస్తుంది. ఇంట్లో అందరూ సంతోషం. 'కాకరకాయ రసం పనిచేసింది', 'మెంతుల నీళ్లు పనిచేశాయి'. అమ్మా, మందు మార్చకుండా, తిండి మార్చకుండా షుగర్ దానంతటదే దిగుతోందంటే సంబరపడకండి. క్రియాటినిన్ చూపించుకోండి.

మా ఇంట్లో అదే అయింది. రాత్రి రెండు గంటలకి మా నాన్నగారు చెమటతో తడిసిపోయి, మాట తడబడుతూ లేచారు. మీటరులో 54. మా అమ్మ పరుగున పోయి ఫ్రిజ్‌లో ఉన్న బత్తాయి రసం గ్లాసు నిండా ఇచ్చింది. అదృష్టం, తేరుకున్నారు. కానీ ఆలోచించండి, ఆ రోజుల్లో ఆయన పొటాషియం 5.6. వారంలో రెండుసార్లు, మూడుసార్లు అలా షుగర్ పడిపోయి, ప్రతిసారీ రసం ఇస్తే? ఒక ప్రమాదాన్ని ఆపబోయి ఇంకో ప్రమాదాన్ని గ్లాసులో పోసి ఇస్తున్నాం. అందుకని కిడ్నీ జబ్బున్నవాళ్ల మంచం పక్కన పండ్ల రసం కాదు, గ్లూకోజు పొడి డబ్బా పెట్టండి. మీటరులో 70 కంటే తక్కువుంటే, మనిషి మింగగలిగే స్పృహలో ఉంటే, మూడు స్పూన్లు అరగ్లాసు నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

గ్లూకోజే ఎందుకు, చక్కెర కాదా? చక్కెర కూడా పనిచేస్తుంది. కానీ మీ బిళ్లల్లో వోగ్లిబోస్ గానీ, అకార్బోస్ గానీ ఉందేమో చూసుకోండి, మన దగ్గర చాలామందికి రాస్తారు. ఆ మందు చేసే పనే చక్కెరని పేగుల్లో త్వరగా విరగనివ్వకపోవడం. అలాంటప్పుడు చక్కెర నీళ్లు ఇస్తే షుగర్ త్వరగా లేవదు. గ్లూకోజే ఇవ్వాలి. రాసుకుంటున్నారా అత్తయ్యగారూ? రాసుకోండి, వోగ్లిబోస్.

ఇక మాంసకృత్తులు, ప్రోటీన్. ఇక్కడ జరిగినంత అన్యాయం ఇంకెక్కడా జరగదు. డయాలసిస్ దాకా రాని కిడ్నీ జబ్బులో ప్రోటీన్ కొంచెం తగ్గించమంటాం. ఎంత? కిలో బరువుకి సుమారు 0.6 నుంచి 0.8 గ్రాములు, డాక్టరు చూసి చెప్పాలి. అరవై కిలోల మనిషికి 36 నుంచి 48 గ్రాములు. అది సున్నా కాదు కదా! పప్పు బంద్, గుడ్డు బంద్, పెరుగు బంద్ అని కాదు కదా! ఇక డయాలసిస్ మొదలైందా, లెక్క తలకిందులవుతుంది. డయాలసిస్‌లో ప్రోటీన్ కొంత పోతుంది కాబట్టి కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు తినాలి. అదే అరవై కిలోల మనిషి 60 నుంచి 72 గ్రాములు తినాలి. మలక్‌పేట నుంచి ఒకావిడ భర్తని తీసుకొచ్చారు, డయాలసిస్ మొదలై ఏడాదిన్నర. 'చాలా కట్టుదిట్టంగా ఉంచుతున్నానమ్మా, పప్పు వాసన కూడా చూపించడం లేదు' అన్నారు. ఎంత శ్రద్ధగా చెప్పారో! ఆయన కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. చీటీ మారిందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పిన మొదటి మాట, 'రోజూ రెండు గుడ్ల తెల్లసొన పెట్టండి' అని. ఆవిడ ఏడ్చేశారు. తన చేతులతో తానే భర్తని ఎండబెట్టానని. ఆవిడ తప్పు కాదది, కాదని ఎన్నిసార్లు చెప్పానో.

తెల్లసొన ఎందుకన్నానంటే, ఒక్కోదానిలో మూడున్నర గ్రాముల మంచి ప్రోటీన్, ఫాస్ఫరస్ దాదాపు లేదు. ఫాస్ఫరస్ కూడా పెరిగితే తంటానే. అది పప్పుల్లో ఉంటుంది, నిజమే, కానీ పప్పుల్లో ఉన్నది మన ఒంటికి పూర్తిగా పట్టదు. కూల్‌డ్రింకుల్లో, ప్రాసెస్డ్ చీజ్‌లో, ప్యాకెట్ మాంసాల్లో కలిపే ఫాస్ఫేటు మాత్రం చాలావరకు పడుతుంది. పప్పు మాన్పించి, మనవడి చేతిలోని నల్ల కూల్‌డ్రింక్ రెండు గుక్కలు తాగనిస్తే ఏం లాభం? యూరిక్ యాసిడ్ సంగతి కూడా అంతే. మాంసం, కార్జాలు, బీరు తగ్గించాలి. పప్పు మీద అంత భయం అక్కర్లేదు. నా చీటీలో పప్పు బంద్ అని రాశాను కదా, ఆ లైను నేనే కొట్టేశాను, మా అమ్మ పెన్నుతోనే.

వంటింట్లోకి వద్దాం. 'నాలుగు రకాల వంటలు ఎక్కడ చేసేది?' అంటారు. చేయొద్దు. ఒకే వంట చేయండి. పప్పు ఉప్పు లేకుండా ఉడికించండి, పెద్దాయన వాటా గిన్నెలోకి తీసేయండి, ఆ తర్వాత మిగతాదాంట్లో ఉప్పు వేయండి. ఆయన గిన్నెకి వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ పోపు గట్టిగా పెట్టండి. పులుపుకి చింతపండు బదులు నిమ్మచెక్క పిండండి, చింతపండులో పొటాషియం ఎక్కువ. ఉప్పు తగ్గిందన్న బాధ సగం పోపుతో పోతుంది, మిగతా సగం నాలుగైదు వారాల్లో నాలుకకి అలవాటవుతుంది. తొక్కు, ఆవకాయ, అప్పడం, ఒడియాలు మాత్రం పక్కన పెట్టాల్సిందే. అప్పడంలో ఉప్పుతోపాటు కారం కూడా వేస్తారు, అంటే మనం తినే కారం కాదు, అప్పడాల పిండిలో వేసే సోడా లాంటిది, దాంట్లోనూ సోడియమే. గ్యాస్ పట్టిందని నీళ్లలో వేసుకుని బుసబుసమంటుంటే తాగే పొడులున్నాయి చూడండి, వాటిలోనూ సోడియమే. ఉప్పగా లేదు కదా అని మోసపోకండి.

పొటాషియం ఎక్కువున్నవాళ్లు కూరగాయలు వార్చుకోవాలి. మన అమ్మమ్మలు గంజి వార్చేవాళ్లు కదా, అలాగే. తొక్క తీసి, చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు తాలింపు వేసుకోవాలి. ఆ నీళ్లతో చారు పెట్టొద్దు! పొటాషియం చాలా అందులోకి దిగి ఉంటుంది. ఆలుగడ్డ కూడా ఇలా చేసుకుని కొంచెం తినొచ్చు. కానీ ఇది పొటాషియం పెరిగినవాళ్లకే. ఊరికే అందరూ వార్చేస్తే విటమిన్లు కూడా నీళ్లపాలు.

అన్నం సంగతి అడుగుతారు, తెలుసు. షుగర్ వాళ్లు అన్నం వద్దంటారు, కిడ్నీ వాళ్లు రాగులు, జొన్నల్లో ఫాస్ఫరస్, పొటాషియం ఎక్కువ, అన్నమే మేలంటారు. మళ్లీ అంకెలు చూడండి. రెండూ మామూలుగా ఉంటే రొట్టె తినండి, హాయిగా. పెరిగి ఉంటే అన్నమే తినండి, కానీ ఒక్కసారే కంచం నిండా కాదు. ఆ కప్పుడు అన్నాన్ని రెండు పూటలకి పంచుకోండి, ముందు కూర, తెల్లసొన తిని తర్వాత అన్నం కలుపుకోండి. ఇంకో మాట, రాగి సంగటి వేరు, రాగి జావ వేరు. జావ గబగబా అరిగి షుగర్‌ని పైకి లేపుతుంది. రాగి మంచిదంటారు కదా అని రోజూ రెండు గ్లాసులు తాగి, షుగర్ ఎందుకు పెరిగిందో తెలీదంటారు.

రక్తం పల్చబడే బిళ్లలు, వార్ఫరిన్, అసినోకుమరాల్ వేసుకునేవాళ్లున్నారా? ఉన్నారు. మీకు ఆకుకూరలు వద్దని ఎవరో చెప్పుంటారు. మానక్కర్లేదు. ఎప్పుడూ ఒకే తీరున తినండి. వారానికి రెండుసార్లు అంటే ప్రతి వారం రెండుసార్లు. వారమంతా మానేసి, ఒకరోజు గంపెడు పాలకూర పప్పు తింటే ఐఎన్‌ఆర్, అదే రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే అంకె, అటూ ఇటూ ఊగుతుంది. మందు డోసుని మీ తిండికి తగ్గట్టు డాక్టరు సర్దుతారు. థైరాయిడ్ బిళ్ల గురించి ఒక్క లైను. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా టీ, కాఫీ తాగొద్దు. కాల్షియం, ఐరన్ బిళ్లలు దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి.

నీళ్లు. ఇది మన హైదరాబాద్ ఎండల్లో పెద్ద పరీక్ష. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి బాగా తాగమంటాం, గుండె నీరసించినవాళ్లకి లీటరున్నర, రెండు లీటర్లు దాటొద్దంటాం. రెండూ ఉన్నవాళ్లకి? గుండె మాట ముందు. ఆ లెక్కలో చారు, మజ్జిగ, చాయ్ అన్నీ నీళ్లే. పొద్దున లేచి, బాత్రూంకి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసుకోండి, క్యాలెండర్ మీద రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి.

ఇంకొక్క మాట, ఇది ఆడవాళ్ల కోసం. ఇక్కడున్న మగవాళ్లు కూడా వినాలి. భర్తకి పథ్యం వండే మనిషికీ షుగర్ ఉంటుంది, బీపీ ఉంటుంది, రక్తం తక్కువుంటుంది. ఆమె ఏం తింటోంది? ఆయన కంచంలో మిగిలింది, నిన్నటి అన్నం, ఇంత పచ్చడి. మా అమ్మకి హిమోగ్లోబిన్ 8.4 ఉందని నాకు తెలిసింది మా నాన్నగారి చీటీలు సర్దుతున్నప్పుడు. ఫ్రిజ్ మీద నాలుగు చీటీలూ ఆయనవే. ఆమెవి ఒక్కటీ లేవు. ఇళ్లకెళ్లాక అడగండి, 'నువ్వేం తిన్నావు?' అని. కూర్చుని అడగండి.

తర్వాత మేం ఏం చేశామో చెప్తాను. నాలుగు చీటీలు, రిపోర్టులు, బిళ్లల కవర్లన్నీ ఒక సంచిలో వేసుకుని, ఒక్క డాక్టరు ముందు పెట్టాం. కిడ్నీ డాక్టర్‌ని అడిగాం, 'సార్, మీరు ఒక్కరు అన్నీ చూసి చెప్పండి, మిగతావాళ్లకి మీ మాట చూపిస్తాం' అని. ఇన్సులిన్ తగ్గించారు, బీపీ మందు ఒకటి మార్చారు. పొటాషియం 4.7కి వచ్చాక ఆకుకూర వారానికి రెండుసార్లు పెట్టాం, పప్పు రోజూ చిన్న గిన్నెడు, ఒక గుడ్డు. పాత చీటీలు తీసేసి ఒక్కటే కాగితం అంటించాం. దాని మీద తారీఖు, కింద 'మళ్లీ చూడాల్సిన రోజు' అని ఇంకో తారీఖు. ఎనిమిది నెలలకి 67 కిలోలయ్యారు. గడియారం గొలుసు మాత్రం రెండు లంకెలు తీయించాల్సొచ్చింది.

ఏంటి బాబాయ్ గారూ? మామిడిపండా? అడుగుతారని తెలుసు, సీజన్ వచ్చేసింది కదా. మామిడిలో పొటాషియం అరటిపండులో ఉన్నదాంట్లో సగం దాకానే ఉంటుంది. మీ పొటాషియం 5 లోపు ఉంటే, బంగినపల్లి రెండు చిన్న ముక్కలు. భోజనం మీద కాదు, సాయంత్రం నాలుగింటికి, ఆ పూట బిస్కెట్ల బదులు. రసం తీసుకుని తాగొద్దు, కొరికి తినండి. రెండు గంటలాగి మీటరుతో చూసుకోండి, మీ ఒంటికి ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది. మా నాన్నగారు ఆ రెండు ముక్కలకి అరగంట తీసుకునేవారు.

సరే, కాగితాలు తెచ్చుకున్నవాళ్లు కుడివైపు బల్ల దగ్గరికి రండి. రిపోర్టులొక్కటే కాదు, బిళ్లల కవర్లు కూడా తీయండి. డయాలసిస్ ఉన్నవాళ్లు ముందు రండి, మీకు ఆలస్యమవుతుంది. మిగతావాళ్లకి ఎంతసేపైనా కూర్చుంటాను.